ఇలకోళ్ల చెట్టు

రాజమండ్రి నుంచి సికింద్రాబాదు వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఒక గొడ్డలి, ఒక మంచి చెవి. నిలువు చెట్టును గొడ్డలి తిరగేసి కొట్టి, లోపల గట్టిదో డొల్లో చెప్పేవాణ్ని. ఆ విద్య మీదే రెజిమెంటల్ బజార్‌లో నా కలప అడితి నిలబడింది.

ఎండాకాలంలో ఆ పరీక్ష తెల్లవారకముందే చేయాలి. ఎండ ముదిరితే ఇలకోళ్లు, అదే చెట్ల మీది కీచురాళ్లు, అందుకుంటాయి, ఇక ఏ చప్పుడూ తెలియదు. ఒక రోజు లారీ చెడి, చెట్టు కొట్టాల్సిన నేరేడ్‌మెట్ బంగళాకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఏడు ఇలకోళ్లు ఇంకా రాలేదనే అనుకుంటున్నాను. నిద్రగన్నేరు మానును కొట్టి చూశాను.

చెట్టెక్కే సామ్యూల్ తల అడ్డంగా ఊపాడు. "ఇలకోళ్ల లొల్లిల నాకేం సమజైతలేదు సేటూ. రేపు పొద్దుగాల చూద్దాం."

"ఎండకు సాకులు చెప్పకు. ఇనుములా ఉంది చెట్టు."

"నీ చెవులకు దండం! జేబుల చిల్లర ఉంటే నా పెండ్లాం దేవకృప సుత గిట్లనే ఇంటది." నవ్వుతూ, నడుముకు తాడు బిగించి ఎక్కాడు.

అంతలో ఇంటావిడ కాంతమణిగారు చెవులు రెండూ మూసుకుని బయటికి వచ్చారు. "ఏం రొదండీ బాబూ! ఈ చెట్టు కొట్టేస్తేగాని పీడ వదలదు."

నేను చెవి ఒగ్గాను. ఆవిడ మాట వినపడింది గాని, ఆకు కదిలిన సడి కూడా లేదు. ఇంత రొద వినపడని చెవికి మాను లోపలి సంగతి ఏం తెలుస్తుంది? విన్నాననుకున్నది నా చేతి అలవాటే.

"సామ్యూల్, దిగు!" గొంతు చించుకుని అరిచాను. నాకు వినపడని ఆ రొద దాటి నా కేక అతణ్ని చేరలేదు. డొల్ల కొమ్మ విరిగింది. తాడు ప్రాణాన్ని ఆపింది గాని, కొమ్మ మొదలు కాలిని నుజ్జు చేసింది. ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

ఇప్పుడు తెల్లవారుజామున నేను కొడతాను, సామ్యూల్ కర్ర మీద ఆనుకుని వింటాడు. మొదటిసారి అలా బయల్దేరుతుంటే దేవకృప గుమ్మంలో నిలబడి అంది: "మీకు చెవుల్లేవు, ఈయనకు కాలు లేదు. ఇద్దర్ని కలిపితే ఒక్క మనిషి అయితరు. పోండి."

నా లెక్కకు ఒక మనిషి దక్కాడు. ఆమెకు దక్కింది సగమే.