మిక్సీ జాగాలో కాఫీ మిషను

మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్వి పోసిన ఏడు, దామోదర్ ఇంట్లో కూడా ఒక తవ్వకం జరిగింది. వంటింటి గట్టు మీద పెళ్ళినాటి నుంచీ కాపురం చేస్తున్న మిక్సీని కిందికి దింపి, ఆ జాగాలో ఎస్ప్రెస్సో మిషను ఎక్కించాడు. నాచారంలో వాళ్ళ కంపెనీ పెద్దసారు బదిలీ మీద పోతూ వదిలించుకున్న సరుకది. ఆ రోజు నుంచీ అతని భార్య త్రివేణి నేల మీద గొంతుక్కూర్చుని చట్నీ పట్టుకుంటోంది.

దామోదర్ లేతు మిషన్ల మీద సూపర్వైజరు. ఇంట్లో కూడా అదే పోజు.

"కాఫీ అంటె పొడి కాదే, గింజ. ఏంచిన గింజను తాజాగున్నప్పుడే తాగాలె. పాతవడ్డదంటె అది గింజ కాదు, గులకరాయి."

ఆ తాజా గింజల్ని గాలి చొరని డబ్బాలో పోసి త్రివేణి పట్టుచీరల బీరువాలో దాచాడు. ఆ చీర కట్టుకుని ఆమె ఎవరి పెళ్ళికి పోయినా, కాఫీ వాసనకి పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

గింజ పట్టడం ఇంకో పురాణం. దానికి వేరే చిన్న గ్రైండరు. ఉప్మా రవ్వ కంటే సన్నం, శనగపిండి కంటే దొడ్డు. రవ్వయితే నీళ్ళు బుడుంగున జారిపోతాయి, పిండయితే మిషను మొండికేస్తుంది. పొడిని చిన్న గిన్నెలో అదిమి, మీట నొక్కి, ధార తేనెలా దిగి పైన ఎర్రటి నురగ కట్టిందా, దామోదర్ ముఖం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోయేది. తల్లి ఉప్పలమ్మ మాత్రం కప్పులోకి తొంగిచూసి, "ఏందిర ఇది, పోలియో సుక్కలా?" అనేది.

ఇక గండయ్య. ఉప్పలమ్మకు తమ్ముడు, త్రివేణికి తండ్రి. అంటే దామోదర్‌కు మేనమామ ఆయనే, పిల్లనిచ్చిన మామ ఆయనే. ఏడిపించడానికి డబుల్ లైసెన్సన్నమాట. ఒకసారి దమ్మాయిగూడ నుంచి చూడ్డానికొచ్చి, డబ్బాలో కాఫీ గింజలు తీసేసి, వేయించిన చింతగింజలు పోసి పోయాడు. గ్రైండరు పెట్టిన అరుపుకి ఎదురింటి ఉపేందర్ బోరు మోటరు కాలిందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

ఆ రోజే త్రివేణి నడుం బిగించింది.

"బావా, ఒక్క మాట. దసరా నాడు జమ్మి ఇయ్యనీకె చుట్టాలు, పక్కోళ్ళు వస్తరు. అందరికీ నీ కాఫీ పొయ్. ఒక్కలన్న కప్పు కాలీ జేస్తె మిషన్ ఉంటది. లేకుంటె తెల్లారి అది సజ్జ మీద, నా మిక్సీ గట్టు మీద."

"ఒక్కలేంది, అందరు తాగుతరు సూడు," అన్నాడు దామోదర్. అన్నాడే గానీ పండగ దగ్గరపడేకొద్దీ అన్నం సహించలేదు. సజ్జ మీదికి పోయిన సామాను మళ్ళీ కిందికి దిగిన చరిత్ర ఆ ఇంట్లో లేదు.

దసరా పొద్దున కంపెనీలో ఆయుధపూజ చేసి, ఇంటికొచ్చి బండికి, కత్తిపీటకు, కాఫీ మిషనుకు, గ్రైండరుకు కూడా పూజ చేశాడు. ఏ మర్యాదా తక్కువ చెయ్యలేదు. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర్నుంచి జనం రానే వచ్చారు. చేతిలో ఆకు పెట్టి, "బంగారం తీస్కో" అని గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. దామోదర్ మిషన్నీ గ్రైండర్నీ ముందుగదిలో బల్ల మీద పెట్టి కొత్త గింజలు పట్టాడు, అదిమాడు, నొక్కాడు. కానీ ధార తేనెలా దిగలేదు. పైన నురగకు బదులు చుక్కలు చుక్కలుగా మెరుపు.

ఉపేందర్ ఒక్క గుక్క వేసి, బుగ్గల్లోనే ఉంచుకుని, నమస్తే పెట్టి పెరట్లోకి పోయాడు. ఆయన భార్య కప్పుని మూతి దాకా తెచ్చి, ఉపవాసం గుర్తుకొచ్చిందంటూ కింద పెట్టింది. ఆమె ముందున్న ప్లేటులో అప్పటికే నంజుకున్న మటన్ బొక్క ఉంది.

దామోదర్ తానూ ఒక చుక్క నాలుకకు రాసుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది.

"మామా! మల్ల ఏం కలిపినవ్?"

"నా బిడ్డ మీదొట్టు, గీసారి నేను ముట్టలేదుర!" గండయ్య నిజంగానే కంగారు పడ్డాడు. "దొంగతనం జెయ్యని నాడే దొరకవడితినా!"

దామోదర్ గ్రైండరు మూత విప్పాడు. లోపల పళ్ళ చక్రాలు జిడ్డుగా మెరుస్తున్నాయి. పక్కనే దేవుడి గూట్లో ఉప్పలమ్మ దీపాల ఆముదం సీసా, సగానికి సగం ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది. కంపెనీలో పూజకు ముందు ప్రతి మిషనుకూ నూనె పోస్తారు. ఇంట్లో కూడా చెయ్యి ఆ అలవాటునే పోయింది. మిషను నూనె తాగితే పోతారు కదా అని తెలివిగా ఆముదం పోశాడు, అదీ లేతు కొలతలో.

మూత టక్కున మూశాడు. కానీ గండయ్య కళ్ళు మామూలు కళ్ళు కావు. చక్రాల్ని చూశాడు, సీసాని చూశాడు, అల్లుడి మొహాన్ని చూశాడు.

త్రివేణి వంటింట్లోంచి ట్రే పట్టుకుని వచ్చింది. ఒక చంకలో మిక్సీ. "ఎవలన్న కాలీ జేసిన్రా? లేదా? బావా, నిచ్చెన తే."

దామోదర్ నిచ్చెన కోసం లేచాడు. చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆగు బిడ్డా," అన్నాడు గండయ్య. తన కప్పు ఎత్తి, ముక్కు మూసుకుని, గటగటా తాగేశాడు. కప్పు బోర్లించి చూపించాడు. చుక్క రాలలేదు. కళ్ళలోంచి మాత్రం రాలాయి.

"మస్తుగుంది."

"నాయినా! నువ్వు ఎవలి దిక్కు?"

"నా దిక్కే. ఇది సజ్జెక్కితె ఈ ఇంటికొచ్చి నేనెవన్ని ఏడిపియ్యాలె?"

ఆడిన మాట తప్పే మనిషి కాదు త్రివేణి. మిక్సీని చంకలోనే పెట్టుకుని, తండ్రి వంక కొరకొరా చూస్తూ లోపలికి పోయింది. దామోదర్ మామని పట్టుకుని రెండోసారి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. గండయ్య అతని చెవిలో, "ఆముదమార, కొడుకా? కంపెనీల మిషన్లు ఎట్ల బతుకుతున్నయిర నీ చేతిల?" అన్నాడు.

కాసేపటికి అందరూ బంతి భోజనానికి కూర్చున్నారు. గండయ్య రెండో ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ముద్దని మెల్లగా ఆకులో పెట్టి, కడుపు పట్టుకుని, అల్లుడి వైపు వంగాడు.

"అల్లుడా, మీ బాత్రూంల నీళ్ళొస్తున్నయా?"