ఫోన్లో గుండె వినే గుమాస్తా

"ఫైలు! ఆమె ఫైలెక్కడ చచ్చింది?"

అత్యవసర విభాగంలో కొత్త డాక్టరమ్మ వేసిన కేక కారిడార్ చివరి గది దాకా వచ్చింది. గుమాస్తా అప్పటికే బీరువా ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. మూడో అర, నీలం దారం కట్ట. ఫైలు చేతికి తగిలింది. అట్ట మీద పేరు రెండుసార్లు చదివాడు. ఆమెకు వయసు ముప్పై రెండు, కుట్టుపని. చిన్నప్పటి కీళ్ల జ్వరం గుండెకు పాకితే, నాలుగేళ్ల కిందట ఇక్కడే పాడైన కవాటం తీసేసి లోహపు కవాటం అమర్చారు.

ఫైలు పట్టుకుని పరిగెత్తాడు. పొట్టి మనిషి, యాభై తొమ్మిదేళ్లు, జేబు మీద ఎన్ని ఉతుకులకూ వదలని సిరా మరక. ఖాళీ కారిడార్లో కూడా గోడవారగానే నడుస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఒకటే ఉద్యోగం. ఆపరేషనయి ఇళ్లకు వెళ్లినవాళ్లకు నెలనెలా ఫోన్ చేసి, ఉన్నారో లేదో, ఉంటే ఎలా ఉన్నారో రాయడం.

స్ట్రెచర్ మీద ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. పక్కన మొగుడు, గోళ్లనిండా గోడల రంగుతో, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రక్తం పలచబడే మాత్రలు మానేసిందా?" డాక్టరమ్మ నిలదీసింది.

"ఒక్క పూట కూడా మానలేదమ్మా."

"మరి మూడు నెలలుగా రక్తపరీక్ష లేదేం?"

"మా ఊరి ఆస్పత్రిలో పరీక్ష చేసే మిషను చెడిపోయిందమ్మా. ఇక్కడికి రావాలంటే రెండు బస్సులు మారాలి. తీసుకొస్తానన్నాను, తనే వద్దంది. బాబాయ్ విన్నాడు, బాగుందన్నాడు, ఇంకెందుకు అంది."

"చుట్టాల మాట విని ఇంట్లో కూర్చోబెట్టావా? నువ్వు మొగుడివేనా? కవాటానికి రక్తం గడ్డ పట్టేసిందయ్యా!"

రంగులేసే మనిషి తల దించుకున్నాడు. గుమాస్తా నోరు తెరిచాడు. ఈలోగా స్ట్రెచర్ ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయింది, తలుపులు మూసుకున్నాయి.

గుమాస్తా తన గదికొచ్చి కూర్చున్నాడు. ఇవాళ్టి జాబితాలో పద్నాలుగు మంది ఉన్నారు.

లోహపు కవాటం కొట్టుకుంటే టిక్కుమంటుంది. గడ్డ పట్టిందంటే ఆ చప్పుడు మూగబోతుంది. ఈ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. ఫోను గుండెకు ఆనించమని, వినీ వినీ తనే పట్టుకున్నాడు. అలా పదకొండు మందిని వేళకు పిలిపించాడు. "నా స్టెతస్కోపు కన్నా నీ చెవి నయమయ్యా," అన్నాడు పాత పెద్ద డాక్టరు. బతుకు మొత్తంలో అతన్ని ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్క మాటే.

ఎండాకాలం వెళ్లేసరికి ఆ చప్పుడు పలచబడింది. తర్వాత అసలు లేదు. ఒక్కరిది కాదు, అందరిదీ. మాటలు వినపడుతున్నాయి, టిక్కు మాత్రం లేదు. ఫోను మార్పించాడు, లాభం లేదు. ఇంట్లో భార్య, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా కాపురం," అని నవ్వింది. నిజం చెబితే దుప్పట్లు లెక్కపెట్టే గదిలో పడేస్తారు. అందుకే అందరికీ ఒకటే మాట రాస్తూ వచ్చాడు: బాగుంది.

పదకొండు రోజుల కిందట కుట్టుపని చేసే ఆమె ఫోన్లో చెప్పింది. "నాలుగుసార్లు మిషను తొక్కితే రొప్పు వస్తోంది, బాబాయ్."

"ఏదీ, ఆనించు." చీర రాపిడి తప్ప ఏమీ లేదు. అందరివీ బాగున్నప్పుడు ఈమెది మాత్రం ఎందుకు బాగుండదు? "గడియారంలా ఉందమ్మా."

"అబ్బ, బతికించావు! అయితే బడిపిల్లల యూనిఫారాలు అయ్యాకే వస్తాలే."

జాబితాలో మొదటి నంబరు కలిపాడు.

"ఎవరూ, గుమాస్తాగారా? ఇంకా ఉన్నారా?"

"ఆ ప్రశ్న నేనడగాలయ్యా. ఫోను ఆనించు."

నిశ్శబ్దం. గుమాస్తా కళ్లు మూసుకున్నాడు.

"నాకు వినపడలేదు. రేపే వచ్చెయ్."

"అదేంటండీ, నాకు దివ్యంగా ఉంటేనూ!"

"దివ్యంగా ఉన్నా సరే, రా."

పద్నాలుగు మందికీ అదే చెప్పాడు. తిట్టినవాళ్లు తిట్టారు. ఆపైన రెండు నెలల పాత జాబితాలు తీసి, 'బాగుంది' అని రాసిన ప్రతిచోటా కొట్టేసి, వాళ్లకూ చేయడం మొదలుపెట్టాడు. గొంతు బొంగురుపోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. అతను వెళ్లేసరికి చెప్పవలసింది చెప్పేసి ఆపరేషన్ చేసిన డాక్టరు లోపలికి వెళ్లిపోయాడు. రంగులేసే మనిషి బల్ల మీద కూర్చుని, నర్సు తెచ్చిచ్చిన కొలతల టేపును వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"నేనే చంపుకున్నాను," అన్నాడు, ఎవరితోనో. "రెక్క పట్టుకుని బస్సెక్కించాల్సింది."

డాక్టరమ్మ గోడకు ఆనుకుని కాగితం నింపుతోంది. రక్తపరీక్ష ఆగిపోవడానికి కారణం అన్నచోట 'భర్త నిర్లక్ష్యం' అని రాసింది. గుమాస్తా గోడవార వదిలి కారిడార్ మధ్యకొచ్చాడు.

"అది కొట్టేయండమ్మా."

"ఏం?"

"ఈయన తప్పు లేదు. నా చెవి పోయి రెండు నెలలైంది. వినపడకుండానే వినపడిందని చెబుతున్నాను."

ఆమె కలం ఆగిపోయింది. రంగులేసే మనిషి తలెత్తాడు. నాలుగేళ్లుగా నెలనెలా ఇంట్లో మోగిన గొంతు ఇదేనని అప్పుడే పోల్చుకున్నట్టున్నాడు. టేపు వేలిమీంచి జారి, చివరి దాకా విచ్చుకుంటూ నేలమీదికి పడింది.

"ఆ బాబాయ్‌ని నేనేనయ్యా," అన్నాడు గుమాస్తా.