దొరతోట కప్ప

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో ఉన్న దొరతోటలో రోజూ సాయంత్రం నాలుగింటికి తుంపర పడుతుంది. ఆ వేళకి గేటు దగ్గర ఎర్రన్న గొడుగులు అద్దెకిస్తుంటాడు. వెనకటి ఇంగ్లీషు దొరకి వాళ్ళ ఊరి తుంపర మీద బెంగ పుడితే, అది ఓడెక్కి వచ్చేసింది. దొర పోయాడు, తుంపర ఉండిపోయింది. గోడ దాటి మాత్రం చుక్క రాలదు, దానికెవరేం చేస్తారు? జనం టిక్కెట్టు కొని, నున్నగా కత్తిరించిన పొదల మధ్య ఫొటోలు దిగి, జలుబు తెచ్చుకుని ఇళ్ళకి పోతారు.

ఆ ఆదివారం ఈశ్వరి మొగుణ్ణి బతిమాలి అక్కడికి తీసుకొచ్చింది. ఊళ్ళో వానల్లేక నారుమడి నెర్రెలిచ్చింది. ఇక సేద్యం లాభం లేదని, మద్రాసులో బిల్డింగు పనికి పోవడానికి గంగులు బ్యాగు సర్దేశాడు. పోతే మళ్ళీ ఏడాదికి గానీ రాడు. ఈశ్వరికి ఏడుపొక్కటే తక్కువ.

పచ్చిక మీద కూర్చుని పులిహోర తిన్నారు. తడుస్తున్న గులాబీల్ని చూస్తే గంగులుకి ఒళ్ళు మండింది.

"సూడు, పువ్వులకి వోన, మన నారుకి ఎండ. ఏటి నాయం ఇది?"

ఈశ్వరి కొలను గట్టు మీది కప్పని చూస్తోంది. వానలు లేనప్పుడు వాళ్ళ ఊరి ఆడవాళ్ళు కప్పని రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. ఈ ఏడూ తిప్పారు. కానీ ఊరి కప్పలే వానని మరిచిపోయినట్టున్నాయి. వాన తెలిసిన కప్పయితే? ఖాళీ క్యారేజీలో కప్పని పెట్టి మూత వేసేసింది. ఎర్రన్న చూశాడు గానీ, కప్పకి టిక్కెట్టేమిటిలే అని ఊరుకున్నాడు.

మర్నాడు దాన్ని తడిగుడ్డలో రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఊరంతా తిప్పారు. ప్రతి ఇల్లాలూ చెంబుడు నీళ్ళు పోసింది. నాలుగింటికి ఊరి మీద మంచు దిగి, సన్నగా తుంపర పట్టుకుంది. ఉరుముల్లేవు, మెరుపుల్లేవు, మర్యాదస్తుల వాన. ఇక ఆగమన్నా ఆగలేదు. నారు తలెత్తింది. గంగులు ఆషాఢంలో స్వెట్టరేసుకుని, పొలం దమ్ము చెయ్యడానికి బురదలోకి దిగాడు.

నాట్లు మొదలైన రోజున ఎర్రన్న గొడుగేసుకుని వచ్చాడు. తోటలో గులాబీలు వాడిపోతున్నాయనీ, గొడుగుల మొహం చూసేవాడే లేడనీ, కప్పనిచ్చేస్తే పోతాననీ మొర పెట్టుకున్నాడు.

"ఇచ్చేస్తాను బావా, నాట్లవనీ," అంది ఈశ్వరి. "అందాకా ఆ గొడుగు మూసి నారుకట్టలందియ్యి."

ఎర్రన్న గొణుక్కుంటూనే పంచె ఎగ్గట్టాడు.

ఆ సాయంత్రానికి మద్రాసుకని సర్దిన బట్టలన్నీ పొలంలో తడిసి దండెం మీద వేలాడుతున్నాయి. ఒక్కటీ ఆరే సూచన లేదు. ఖాళీ బ్యాగుని ఈశ్వరి అటక మీదికి విసిరేసి, వేడివేడి టీ పెట్టుకొచ్చి మొగుడి పక్కన కూర్చుంది.