ఏడో మెట్టు

పోయిన నెల ఇంటిల్లిపాదీ మొక్కజొన్న తమాలె కుడుములు మూటగట్టుకుని పాత రాజుల గుడి చూడబోయినప్పుడు, ఆరేళ్ళ మార్లెని మెట్ల మీంచి జారిపడింది. ఎముకలేవీ విరగలేదు. కానీ ఆనాటి నుంచి పిల్ల మాట్లాడదు, సరిగా తినదు. మందులు వాడినా గుణం కనిపించలేదు.

"బెదురు. ప్రాణం ఆ మెట్టు మీదే ఉండిపోయింది," అంది అత్త తిమోతేయా. "పడిన చోటే చొక్కా పరచి, కన్నతల్లే బిడ్డను పేరుపెట్టి పిలిచి తెచ్చుకోవాలి."

దేవుడు అంతటా ఉంటాడని మార్లెని తల్లి కతరీనా ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉంది. మరి బిడ్డ ప్రాణం ఒక్క మెట్టు మీదే ఎందుకు ఆగిపోవాలో ఆమెకు అంతుపట్టలేదు. అయినా పడిన రోజు పిల్ల వేసుకున్న చొక్కాను, ఉతక్కుండా దాచినదాన్ని, తీసుకుని, పిల్లనెత్తుకుని, అత్తతో బస్సెక్కింది.

గుడి మెట్లకు అడ్డంగా తాడు కట్టి ఉంది. కాపలాదారు ఫాబియాన్ చేతిలో చీపురుతో ఎదురొచ్చాడు.

"ఒక్క నిమిషం అన్నా. మా పాప పడింది ఇక్కడే, ఏడో మెట్టు."

"తెలుసు తల్లీ. పాప పడ్డాకే ఈ తాడు కట్టించారు."

"మా తాతలు కట్టిన మెట్లెక్కడానికి నిన్నడగాలా?" అత్త కస్సుమంది.

"మా తాతలు మాత్రం రాళ్ళు మొయ్యలేదా పెద్దమ్మా? ఊడ్చేటప్పుడు తప్ప నన్నూ ఎక్కనివ్వరు. అనుమతి కాగితం రాజధాని నుంచి రావాలి. రెండు నెలలు."

"అందాకా ఈ పిల్ల ఆగుతుందా?" అంది అత్త.

ఫాబియాన్ పిల్ల ముఖంలోకి చూశాడు. చెట్టు కింద కూర్చున్న అధికారి వైపు చూశాడు. చెయ్యి చాపాడు.

"చొక్కా ఇటివ్వండి. ఊడుస్తున్నట్టు వెళ్తాను. మీరు కింది నుంచే పిలవండి."

ఊడుస్తూ ఎక్కి, ఏడో మెట్టు మీద చొక్కా పరిచాడు.

"మార్లెనీ! వచ్చెయ్యమ్మా, ఇంటికి పోదాం!"

పిలుస్తుండగానే కతరీనా కళ్ళు అడుగున మట్టిలో సగం కూరుకుపోయిన రాయి మీద పడ్డాయి. అదీ మెట్టే. ఆ రోజు తను దాన్ని లెక్కేసిందా? ఫాబియాన్ లెక్కేశాడా?

"అన్నా, ఒక మెట్టు కిందికి..."

అధికారి లేచి నిలబడ్డాడు. ఫాబియాన్ చొక్కా మడిచి గబగబా దిగొచ్చాడు. చొక్కా వెచ్చగా ఉంది. ఎండ వేడో, బిడ్డ వేడో తెలియలేదు.

బయల్దేరాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఇల్లు చేరేదాకా ప్రతి మలుపులో పిలుస్తూనే ఉండాలి. బస్సులో ఆమె మొదటిసారి పిలవగానే డ్రైవరు రేడియో ఆపేశాడు.

గడప దగ్గర చొక్కా పిల్ల భుజాల మీద కప్పింది. ఇప్పుడు తల్లి అడగాలి, బిడ్డ 'వచ్చాను' అనాలి.

"వచ్చావా తల్లీ?"

మార్లెని అమ్మ పెదవుల వైపు చూసింది.

"వచ్చావా?"

కతరీనా చొక్కాను ఇంకాస్త దగ్గరగా లాగి, మళ్ళీ అడిగింది.