గృహము లేని చిరునామా

ఆశ్వయుజ శుద్ధ నవమినాటి ప్రాతఃకాలము. మూడు మాసములుగా నింగిని గప్పియున్న మేఘమాలిక విడివడి తొలగిపోగా తోమిన కంచుపళ్లెరమువలె నిగనిగలాడు నాకాశము క్రింద పెడన పట్టణపు టంచునగల కాలువ గట్ల నొరసికొని నిండుగా పారుచుండెను. మోకాటిలోతు నీట నిలిచిన యద్దకపు పనివారు తమ వస్త్రములను జాడించి జాడించి గట్టుమీది పచ్చికపై పరచుచుండగా మంజిష్ఠారుణములును కజ్జలశ్యామలములును నగు పుష్పలతావితానములు అప్పటికప్పుడు పుడమినుండి మొలిచినట్లు కానవచ్చుచుండెను. వానకారు పొడుగునను పనిలేక పస్తులకు చేరువైన యా యూరికి అట్టి యెండ పొడచూపుట పండుగకంటె నెక్కువ. అయినను ఆ గట్టువెంట బస్సు నిలయమునకు నడచిపోవుచున్న లక్కోజు అచ్చయాచారి యా వర్ణవైభవమువంక కన్నెత్తియైన జూడక చంకనున్న కాగితముల సంచిని మరింత గట్టిగా నదుముకొని తలవంచుకొని సాగిపోయెను.

అచ్చయాచారి యద్దకపుటచ్చులు చెక్కు శిల్పి. వయస్సు ఏబదియెనిమిది. టేకుపలకపై సన్నని యులితో వెండ్రుకవాసి తప్పక లతాంతమును దొలుచుటయందు ఆ ప్రాంతమున నతనికంటె మిన్నయైనవాడు అతని గురువగు కొండోజు సాంబయాచారి యొక్కడే. ఆ గురువు గతించి రెండేండ్లాయెను. ఆయన జన్మమంతయు ధారపోసి చెక్కిన నాలుగువందల యచ్చులు ఇంటివెనుకటి పాకలో గోడవారగా పేర్చబడి యుండెను. కుమారుడు ముక్తేశ్వరాచారి యులి పట్టినవాడు కాడు. టైల్సు దుకాణము నడుపువాడు. పాకను గిడ్డంగిగా మార్చదలచి యతడు ఆ యచ్చులను హోటలు గోడల కలంకారములుగా గొనవచ్చిన యొక నగరవర్తకునితో మూడులక్షల యిరువదివేలకు బేరము కుదుర్చుకొని, తండ్రిగారి శిష్యుడను మొగమోటముచేత, అంతే సొమ్ము శుక్రవారము ప్రొద్దుగ్రుంకులోపల తెచ్చినచో నీకే యిచ్చెదనని అచ్చయాచారితో జెప్పియుండెను.

సొమ్ము అచ్చయాచారికడ లేకపోలేదు. కాని యది చేత దాకదగిన సొమ్ము కాదు. మూడేండ్లక్రిందట విదేశమునందలి యొక వస్త్రవర్తకురాలు అతని పనితనమునకు మెచ్చి యేటేట అచ్చులు తెప్పించుకొనుచు, బ్యాంకుల జాప్యమును కోతలును సహింపజాలక, డాలరు విలువకు ముడివడిన క్రిప్టో నాణెములతో మూల్యము చెల్లింప దొడగెను. కొయ్యయు నులియుదప్ప నెరుగని యతడు తెలుగు వీడియోలను మరల మరల జూచి ఫోనునందు వాలెట్టును దెరచుటయు, దానిని మరల గైకొనుటకు గావలసిన పండ్రెండు మాటలను కాగితమున వ్రాసి బీరువాలో దాచుటయు, పంపవలసిన చిరునామా మొదటి నాలుగక్షరములను కడపటి నాలుగక్షరములను ముమ్మారు సరిచూచుకొనుటయు నేర్చుకొనెను. ఆ నాణెముతో ఊరిలో గుప్పెడు మేకులైన గొనరాదు. కలప డిపో యజమాని యా మాట విని నవ్వెను. అయినను ప్రతి చెల్లింపును చెరుపుటకు వీలులేని లెక్కగా లోకమెల్ల జూచునట్లు నిలిచియుండునని విన్ననాటినుండి అచ్చయాచారికి దానిపై నొకవిధమగు భక్తి కుదిరెను. ఒకసారి చెక్కిన గీత మరల కొయ్యలో గలియదు. ఇదియు నట్టిదే గదా యని యతడు తలచెడివాడు.

అతని భార్య వకుళమ్మకు మాత్ర మా భక్తి కుదరలేదు. "బ్యాంకులో తేడా వస్తే మేనేజరు ముందు కూర్చుని ఏడుస్తాం. దీన్లో తేడా వస్తే ఎవరి ముందు కూర్చోవాలండీ?" అని యామె యొకనాడు బియ్యమేరుచు నడిగెను. తప్పు చేసినవానికే యా భయమని యతడు తేలికగా త్రోసివేసెను.

శుక్రవారము వచ్చెను. ఎక్స్‌ఛేంజీకి నాణెముల నమ్మినచో రూపాయలు బ్యాంకునకు జేరుటకు రెండు దినములు పట్టునని తెలిసి, మనిషికి మనిషి నేరుగా అమ్ముకొను విపణిని అచ్చయాచారి ఫోనున దెరచెను. దినకర్ అను పేరుగల యొక యపరిచితుడు అడిగిన ధర కొప్పుకొని వెంటనే సొమ్ము పంపెను. మూడుగంటలవేళ బ్యాంకు సందేశము వచ్చెను. మూడులక్షల యిరువదివేలు జమయైనవి. పంపినవారు మాత్రము కొర్రపాటి సువార్తమ్మ.

కొనువాని పేరును పంపినవారి పేరును వేరువేరైనచో నాణెములను విడువరాదని యా విపణి మొదటి పుటయందే యున్నది. అచ్చయాచారి దానిని ముమ్మారు చదివినవాడే. అతని బొటనవ్రేలు గాలిలో నిలిచెను. ఇదేమని యడుగగా అది తన తల్లిగారి ఖాతా యనియు త్వరగా విడువుమనియు దినకరుడు వ్రాసెను. కిటికీ వెలుపల నీడలు సాగుచుండెను. అవతల ముక్తేశ్వరాచారి గుమ్మమున నగరవర్తకుని వాహనము వేచియుండునేమో యను తలపు అతనిని తొందరపెట్టెను. తల్లియే కాబోలునని తన్నుదాను నమ్మించుకొని యతడు వ్రేలు నొక్కెను. కనురెప్ప పాటులో మూడేండ్ల కష్టము కానరాని చేతులలోనికి జారిపోయెను.

గడియ గడువకమున్నే ముక్తేశ్వరాచారికి సొమ్ము పంపబోగా ఖాతా కదలలేదు. బ్యాంకునకు పరుగెత్తగా, ఆ సొమ్ము దొంగిలింపబడినదని పొరుగు జిల్లాలో ఫిర్యాదు వచ్చినందున పోలీసుల యాజ్ఞచే ఖాతా స్తంభింపజేయబడెనని మేనేజరు చెప్పెను. అచ్చయాచారి దినకరునకు వ్రాసెను, జవాబు లేదు. మరల వ్రాయబోగా నా పేరే యచట లేదు. ముక్తేశ్వరాచారి సంగతి విని నొచ్చుకొని నవమి సాయంకాలమువరకు మాత్ర మాగెదననెను.

ఆ నవమియే నేడు.

పొరుగు జిల్లా పోలీసు కార్యాలయపు వసారాలో నొక బల్లపై నెరసిన జుట్టును దువ్వి గట్టిగా ముడిచికొన్న యొక స్త్రీ కూర్చుండియుండెను. అధికారి అచ్చయాచారిని లోనికి బిలిచి కాగితములన్నియు బరిశీలించి, నాణెములు నీవే, అమ్మినదియు నిజమే, దొంగతో నీకు సంబంధము లేదని తేలుచున్నది గనుక నీవు కోరినచో నేటి మధ్యాహ్నమే ఖాతా విడుదలకు వ్రాసెదననెను. అట్లైనచో ఫిర్యాది దొంగ దొరకువరకు వేచియుండవలసినదే; కాక నీవు సమ్మతిపత్రము వ్రాసినచో సొమ్ము ఆమెకు మరలిపోవును. ఎట్లు చేసినను తప్పులేదని చెప్పి, ఫిర్యాది వెలుపలనే యున్నది, మాటాడి చూడుమని యతడు పంపెను.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో ముప్పదియొక్క యేండ్లు నర్సుగా బనిచేసి విరమించినది. పింఛను కార్యాలయమునుండి మాటాడుచున్నామని యెవడో ఫోను చేసి, బ్రతికియున్నట్లు పత్రము నమోదు కాలేదని బెదరించి, ఆమె ఫోనునకు వచ్చిన యంకెలను చదివించుకొని, కొలువు చివర చేతికందిన దానిలో మిగిలినదంతయు నూడ్చుకొనిపోయెను. ఈ సంగతి నామె కంటతడి లేకుండ నొక రోగి వృత్తాంతము చెప్పినట్లు చెప్పెను.

అచ్చయాచారి ఫోను దెరచి తన నాణెములు పోయిన త్రోవ నామెకు జూపెను. ఒక వాలెట్టు చిరునామానుండి మరియొకదానికి, అందుండి ముక్కలై యేడింటికి, ఆ యేడింటినుండి మరెన్నింటికో. అంతయు గడియలతో విఘడియలతో సహా స్పష్టముగా నుండెను. ఆమె కంటియద్దములు సవరించుకొని వంగి చూచెను.

"ఇదంతా ఎవరిదండీ?"

"అడ్రసు కనపడతానే ఉందమ్మా. దానికి ఇల్లే లేదు."

ఆమె తన సంచిని ఒడిలోనికి దీసికొని మెల్లగా ననెను. "మీరు వస్తువిచ్చి డబ్బు పుచ్చుకున్నారు. మీ తప్పేం లేదని లోపల ఆయన చెప్పారు. నేను మిమ్మల్ని ఏమీ అడగనండీ."

అచ్చయాచారికి లేచి లోనికి బోయి విడుదల కోరుట కింతకంటె నదను లేదు. రెండుగంటల బస్సు దొరికినచో ప్రొద్దుగ్రుంకకమున్నే ముక్తేశ్వరాచారి గుమ్మము త్రొక్కవచ్చును. నాలుగువందల యచ్చులును గురువు చేతి వేడిమితో తనయింట జేరును. న్యాయము తనపక్షమున నున్నది, ధర్మమో? ఆమె అడిగియుండినచో వాదించియుండును, తిట్టియుండినచో తిట్టియుండును. అడుగకుండుటచే నతనికి బారిపోవుటకు దారి లేకపోయెను.

"అమ్మా, తమ పేరు?" అని తెలిసినదానినే యతడడిగెను.

"సువార్తమ్మ."

"మీ పేరు నేను చూశానమ్మా. కొన్నవాడి పేరు వేరు, డబ్బులేసిన పేరు వేరు. అలా వస్తే ఆగమని రాసే ఉంది. చూసి కూడా నొక్కాను."

వసారాలో పంకా తిరుగుచుండెను. సువార్తమ్మ అతని ముఖమువంక గాక నేలవంక జూచుచు, "ఆ గొంతు విన్నప్పుడు నాకూ అనుమానం వచ్చిందండీ. ఎదురడిగితే పింఛను ఆపేస్తాడేమోనని అంకెలు చదివేశాను" అనెను.

అచ్చయాచారి లోనికి బోయి సమ్మతిపత్రమున సంతకము చేసెను. వెలుపలికి రాగా సువార్తమ్మ కృతజ్ఞత చెప్పుటకు బదులుగా అతని చేతి నందుకొని, చిరకాలపు టలవాటుచే మణికట్టుపై మూడు వ్రేళ్లుంచి కొంతసేపు నాడి లెక్కించెను. "కాసేపు కూర్చుని వెళ్లండి" అని మాత్రము చెప్పెను. అతడు కూర్చుండెను. రెండుగంటల బస్సు పోయెను.

ఇల్లు జేరి జరిగినది చెప్పగా వకుళమ్మ నిష్ఠురమాడలేదు. అన్నము వడ్డించి, అతడు కలిపి యూరకుండుట చూచి, తానును భోజనము చేయక లేచెను. దశమినాడు ఉలులకు బసుపుకుంకుమలిడి పూజ జేసిరి; అచ్చుల లారీ యంతకు ముందటి సాయంకాలమే పోయియుండెను. వారము దిరుగకమున్నే విదేశపు వర్తకురాలు క్రొత్త యచ్చులకు బయానా యదే నాణెములతో బంపెదనని వ్రాయగా అతడు సరే యని జవాబిచ్చెను. భక్తిచేత గాదు, వేరు దారి లేక. ఇకమీద పంపినవారి పేరును గట్టిగా జదివి వినిపించుమని భార్యను ప్రక్కన గూర్చుండబెట్టుకొనసాగెను.

పూర్ణిమ దాటిన పిమ్మట నొక యుదయమున అచ్చయాచారి యేదో పనిమీద ఆ వీధినిబోవుచు గురువుగారి పాక తలుపులు తెరచియుండుట జూచి లోనికి నడచెను. పాక యంతయు నూడ్చి శుభ్రముచేయబడి యుండెను. ఏండ్లతరబడి రంగుతడి యారని యచ్చులు ముఖము మోపి నిలిచిన గోడపై ఒక హంస మెడయు నొక ఏనుగు తొండమును సగము విరిసిన చామంతియు ఎరుపునను నలుపునను తలక్రిందులుగా నంటియుండెను. సున్నము వేయు పనివాడు కుంచె ముంచి యొకవైపునుండి పూత వేయుచు వచ్చుచుండెను. తడిసిన సున్నము క్రింద నా రూపములు మునుపటికంటె స్పష్టముగా గానవచ్చుటచే అచ్చయాచారి, "ఇవి పోవేమోనయ్యా" అనెను.

"తడి మీద అలాగే కనపడతాయండీ. ఆరితే ఏమీ ఉండదు" అని పనివాడు తల త్రిప్పకయే చెప్పెను.

ద్రోహి హరించునది ధనమునే. తొందర హరించునది కన్నులు చూచినదానిని చేతికి జెప్పునట్టి యా ఒక్క నిమేషమును. మొదటిది పోయినచో దొరకవచ్చును. తలుపులో బడిన యెండ మెల్లమెల్లగా గోడమీదికి బ్రాకుచుండెను. అది తాకినచోట నెల్ల సున్నము తెలుపెక్కుచు, ముందు చామంతియు పిదప తొండమును మాసిపోగా, హంస మెడ యొక్కటియే మరికొంతసేపు నిలిచెను. అదియు నారువరకు అచ్చయాచారి యచటనే నిలుచుండెను.