నీటి మోటారు ప్లగ్గు అడిగిన పెళ్ళిపెద్ద

పొద్దున్న ఏడింటికి అమ్మాన్‌లో బయల్దేరేటప్పుడు జుమానా చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని తయారు చేయడానికి ఆమెకి నాలుగు రోజులు పట్టింది. ఎక్కడ ఆగాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ స్టేషన్‌కి చేరేసరికి బ్యాటరీ ఎంత శాతం ఉండాలి, ఎంత శాతం అయ్యాక తీగ పీకేసి మళ్ళీ రోడ్డెక్కాలి, అన్నీ గళ్ళు గీసి రాసుకుంది. చిన్నతాత నడుముకి మంచిదని గంటకోసారి అయిదు నిమిషాల నడక కూడా ఒక గడిలో ఉంది.

చిన్నతాత అంటే హాజీ మిస్లెహ్. తాతగారి తమ్ముడు, డెబ్భై ఆరేళ్ళు, వంశంలో ఇప్పుడు అందరికంటే పెద్ద. ఇవాళ సాయంత్రం నాలుగున్నరకి అఖబాలో జుమానా అన్న కుతైబా కోసం పిల్లని అడగాలి. అరవైమంది మగవాళ్ళు నిన్ననే బస్సులో వెళ్ళి సముద్రం ఒడ్డున చేపలు తింటూ కూర్చున్నారు. అడగాల్సిన నోరు మాత్రం నిన్న ఆసుపత్రిలో ముందే రోజు ఖాయమైన నడుము సూది వేయించుకుంటూ ఇక్కడే ఉండిపోయింది. పెద్దవాడు నోరు తెరవకుండా ఇంకెవరూ తెరవరు. ఆయన వెళ్ళకపోతే పిల్ల తండ్రి అబూ నిదాల్ ముందు అరవైమందీ మీసాలు దువ్వుకుంటూ కూర్చోవడమే.

"నేను తీసుకొస్తాను. నా కారులో కుదుపు ఉండదు," అని జుమానా వారం కిందటే మాటిచ్చేసింది.

"నా పెళ్ళి తీసుకెళ్ళి నీ బొమ్మ కారు మీద పెడతావుటే?" అన్నాడు కుతైబా.

ఆ బొమ్మ కారు చేతులు మారి వచ్చిన పాత కరెంటు కారు. బ్యాటరీ సగం ముసలిది. జుమానా దాన్ని ప్రేమించడం మొదలుపెట్టి ఏడు నెలలైంది.

చిన్నతాత బంగారు అంచు అంగీ మడతపడకుండా సర్దుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇదే రోడ్డు మీద ఇరవై ఎనిమిదేళ్ళు ఫాస్ఫేట్ లారీ తోలిన మనిషి. కాగితం తీసుకుని చేయి చాపి దూరంగా పట్టుకుని చదివాడు.

"అంతా బాగానే ఉంది గానీ, నఖబ్ కొండ ముందు ఏం రాశావు?"

"మఆన్ దాటాక ఒక స్టేషన్ ఉంది చిన్నతాతా. ఇరవై నిమిషాలు ఎక్కిస్తే చాలు."

"మేం మఆన్‌లోనే ట్యాంకు మూతదాకా పోయించేవాళ్ళం. కొండెక్కేముందు కడుపు ఖాళీగా ఉండకూడదే పిల్లా."

"యాప్ లెక్క చూసింది."

"యాప్ ఎప్పుడైనా లారీ తోలిందా?"

జుమానా నవ్వేసింది. కాగితం అంత బాగుంది మరి.

కాగితంలో లేనిది మొదట ఖత్రానా స్టేషన్‌లో ఎదురైంది. అరగంట ఛార్జింగ్ అయ్యేసరికి వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతున్నాయి, తీగ పీకేయాల్సి వచ్చింది. చిన్నతాత మాత్రం టీ కొట్టు బెంచీ మీద ఇద్దరు పాత డ్రైవర్ల మధ్య ఇరుక్కుని ఉన్నాడు. వాళ్ళలో ఒకడు ఆయన్ని చచ్చిపోయాడనుకుంటున్నాట్ట పదేళ్ళుగా. అలాంటివాడికి ఒక్క టీతో సరిపెట్టి లేవడం ఎలా కుదురుతుంది? యాభై అయిదు నిమిషాలు పోయాయి. దాన్ని పూడ్చడానికి జుమానా తర్వాతి మజిలీ హసాలో నలభై నిమిషాల ఛార్జింగ్‌ని పదిహేనుకి కోసేసింది. మఆన్ దాటాక ఎక్కించుకుంటాంలే అనుకుంది. అప్పుడే దక్షిణం నుంచి ఎదురుగాలి లేచింది. ఇసుక రోడ్డు మీద పాముల్లా పాకుతోంది, శాతాలు వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారినట్టు జారుతున్నాయి.

పన్నెండు కావస్తుండగా ఆ స్టేషన్ చేరారు. ఛార్జర్ తెర నల్లగా ఉంది. దాని మీద చేత్తో రాసిన కాగితం ఒకటి అతికించి ఉంది.

"పని చేయడం లేదు. ఇన్షాల్లా ఆదివారం."

ఇవాళ గురువారం.

జుమానా కారులో కూర్చుని తెర వంక చూసింది. పన్నెండు శాతం. నఖబ్ కొండ తల ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలో, నాలుగు వందల మీటర్ల ఎత్తులో ఉంది. దానికి పదిహేడు కావాలి. కొండ దాటితే అంతా దిగుడే, కింద ఖువైరా ఊళ్ళో మంచి ఛార్జర్ ఉంది. అయిదు శాతం. ఒక్క అయిదు శాతం తక్కువైనందుకు అన్న పెళ్ళి ఎడారిలో ఆగిపోయింది.

"మామూలు ప్లగ్గు దొరికినా చాలు, గంటన్నర పెడితే ఎక్కేస్తుంది," అంది జుమానా.

చిన్నతాత కిటికీలోంచి స్టేషన్ మనిషిని పిలిచాడు. "అబ్బాయ్, ఈ చుట్టుపక్కల నీటి మోటారు ఉన్న ఇల్లేదైనా ఉందా?"

"మోటారెందుకు చిన్నతాతా?"

"ఇళ్ళలో, కొట్లలో ప్లగ్గులు ఫ్రిజ్జుకే వేడెక్కిపోతాయి. మోటారు పెట్టుకున్నవాడు మందం వైరు లాగుతాడు." ఆమె వైపు కన్ను గీటాడు. "ఇది నీ యాప్‌లో ఉందా?"

కిలోమీటరు దూరంలో స్టేషన్ మనిషి చూపించిన అబూ ఫవ్వాజ్ ఇల్లు. ఇంటి ముందు మేక వెంట్రుకల నల్ల గుడారం, వెనక గొర్రెల దొడ్డి, పక్కన బావి, బావి మీద మోటారు. మోటారు గోడకి నీలం రంగు ప్లగ్గు ఒకటి బిగించి ఉంది. దాన్ని చూడగానే జుమానాకి నోరూరినంత పనైంది.

కానీ అడగడానికి వీల్లేదే! గడప తొక్కిన అతిథిని ఏ పని మీద వచ్చావని ఇంటివాడు అడగడు, కూర్చున్న వెంటనే అతిథీ చెప్పడు. అబూ ఫవ్వాజ్ దిండ్లు సర్దాడు. వాన గురించి మాట్లాడారు. గొర్రెలకి వచ్చిన దగ్గు గురించి మాట్లాడారు. లారీల రోజుల్లో ఏ మలుపులో ఎవడు బోల్తా కొట్టాడో మాట్లాడారు. జుమానా గుడారం అంచున కూర్చుని గడియారం చూసుకుంటోంది. పన్నెండూ ఇరవై. పన్నెండూ ముప్పై. ఈ మాటలకి కాగితంలో గడి లేదు.

అబూ ఫవ్వాజ్ ఎడమ చేత్తో కాఫీ కూజా, కుడి చేత్తో చిట్టి కప్పు పట్టుకుని వచ్చాడు. యాలకుల వాసన గుప్పుమంది. చిన్నతాత కప్పు అందుకున్నాడు. తాగలేదు. మెల్లగా వంగి తన ముందు నేల మీద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకున్నాడు.

అబూ ఫవ్వాజ్ కూజాని పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

అలా కప్పు కింద పెట్టడమంటే ఏమిటో ఈ దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకో కోరిక ఉంది, నువ్వు ఒప్పుకుంటేనే నీ కాఫీ తాగుతాను, అని. మామూలుగా దాన్ని పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు చేస్తారు. చిన్నతాత వారం రోజులుగా ఇవాళ సాయంత్రం కోసం ఇదే మనసులో వల్లించుకుంటున్నాడు, చేయి దానంతటదే వెళ్ళిపోయింది.

అబూ ఫవ్వాజ్ ఆయన్ని పైనుంచి కిందకి చూశాడు. బంగారు అంచు అంగీ. అత్తరు. అప్పుడే గీసిన గడ్డం. గుడారాన్ని విడదీసిన తెర వెనక గాజులు గలగలమన్నాయి, ఎవరో ఆడమనిషి గట్టిగా దగ్గింది.

"హాజీ," అన్నాడు అబూ ఫవ్వాజ్ ఒక్కో మాటా తూచి, "మీరు మేం నెత్తిన పెట్టుకోవలసినవారు. కానీ మా పిల్లకి ఇంకా నర్సు చదువు రెండేళ్ళుంది."

"చదువుకోనీ తల్లిని, ఎవరు వద్దన్నారు?"

"మరి... ఎవరికి అడుగుతున్నారు?"

"దేన్ని?"

"పిల్లని!"

చిన్నతాత నేల మీది కప్పు చూసుకున్నాడు. తన అంగీ చూసుకున్నాడు. "అయ్యో, అయ్యో!" అని రెండు చేతులూ ఊపేశాడు. "డెబ్భై ఆరేళ్ళవాణ్ణి, నడుంలో సూది పెట్టుకుని తిరుగుతున్నాను, నాకేం పెళ్ళయ్యా! నాకు మీ మోటారు ప్లగ్గు కావాలి. గంటన్నర. కారుకి."

తెర వెనకనుంచి ముందు ఒక నవ్వు, తర్వాత రెండు నవ్వులు, తర్వాత ఎంతమందో లెక్క తెలియని నవ్వులు వచ్చాయి. అబూ ఫవ్వాజ్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"పిల్లనే ఇచ్చేయమంటారేమోనని హడలిచచ్చాను. గొర్రెలు గంటన్నర ఆగి తాగుతాయి. కాఫీ తాగండి హాజీ, ప్లగ్గు మీదే!"

చిన్నతాత ఒక్క గుక్కలో తాగేశాడు. జుమానా అప్పటికే తీగ పట్టుకుని బావి వైపు పరిగెడుతోంది.

పచ్చ దీపం వెలిగింది. ఇక చేయాల్సిందల్లా కూర్చోవడమే. అబూ ఫవ్వాజ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "నా పికప్ ఉందిగా, హాజీని నేను దింపేస్తాను, ఈ గోలంతా ఎందుకు?" అన్నాడు. జుమానా తీగ మీంచి చేయి తీయలేదు. మంచి మాటే. అన్న పెళ్ళికి అదే క్షేమం కూడా.

చిన్నతాత గడియారం చూశాడు. "రెండింటిదాకా చూద్దాం. అప్పటికీ అవకపోతే నీ పికప్పే. పిల్ల మాటిచ్చింది, ఊరికే పోనివ్వకూడదు." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఇంకోటి కూడా ఉంది. ఇది దిగుడులో తిరిగి నింపుకుంటుందట. అది నేను కళ్ళారా చూడాలి."

"నింపుకోవడమేమిటి?" అన్నాడు అబూ ఫవ్వాజ్, కిందికి వంగి చక్రాల మధ్యకి తొంగి చూస్తూ.

"వాలులో కాలు తీసేస్తే చక్రమే మోటారుని తిప్పుతుంది, మోటారు కరెంటు పుట్టిస్తుంది," అంది జుమానా. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆమె మొహం వెలిగిపోతుంది.

"అయితే నేను ఇరవై ఎనిమిదేళ్ళు నఖబ్ వాలులో బ్రేకులు కాల్చిన వేడంతా?"

"గాల్లో కలిసిపోయింది చిన్నతాతా."

ఆయన వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "దొంగ లారీ," అన్నాడు చివరికి.

రెండింటికి అయిదు నిమిషాల ముందు తెర మీద పందొమ్మిది పడింది. తీగ పీకారు. మోటారు మళ్ళీ గర్రుమంది, గొర్రెలు తొట్టి మీదికి తోసుకొచ్చాయి.

కొండ ఎక్కుడు మొదలవగానే గాలి అద్దాన్ని అరచేత్తో నెట్టినట్టు నెట్టింది. శాతాలు గబగబా పడుతున్నాయి, లెక్కకంటే వేగంగా. పదహారు. పదమూడు.

"ఏసీ ఆపెయ్. ఆ లారీ కనిపిస్తోందా? దాని వెనక చేరు. అంటుకోకు, ఇంత దూరంలో ఉండు. గాలిని అది తింటుంది, మనం దాని నీడలో పోదాం. ఎదురుగాలి రోజున మేమందరం చేసేది ఇదే."

జుమానా చేరింది. స్టీరింగ్ కుదుపు తగ్గింది. తెర మీది అంకె ఊపిరి పీల్చుకున్నట్టు నెమ్మదించింది. తొమ్మిది. ఏడు. అయిదు దగ్గర పసుపు దీపం వెలిగింది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి, గాలి పట్టి లాగుతుందని ఎవరూ అద్దం దించలేదు. మూడు అంకె పడినప్పుడు రోడ్డు చివర ఆకాశం ఒక్కసారిగా కిందికి దిగిపోయింది, దూరాన ఎర్రటి లోయంతా తెరుచుకుంది.

"కొండ తల," అన్నాడు చిన్నతాత. "ఇప్పుడు చూపించవే నీ మాయ."

జుమానా కాలు తీసేసింది. కారు తనంతట తనే మెల్లగా వెనక్కి లాగుతూ జారింది. మొదటి మలుపు. రెండో మలుపు. చిన్నతాత ముక్కు తెరకి ఆనేంత ముందుకి వంగాడు, నడుం నొప్పి ఎక్కడికి పోయిందో!

"నాలుగు!" అని అరిచాడు. "నాలుగయిందే! ఎవరూ పోయకుండా!" ఇంకో మలుపు. "అయిదు!" ఆరు దగ్గర సీటు మీద చరిచాడు. ముందున్న లారీల బ్రేకులు కాలిన వాసన కొట్టింది. "పాపం వెధవలు," అన్నాడు ఎంతో జాలిగా.

ఖువైరాలో పన్నెండు నిమిషాలే ఆగారు. అంతకంటే ఆగడానికి టైం లేదు. నాలుగూ ఇరవైకి అఖబాలో అబూ నిదాల్ ఇంటి ముందు కారు ఆగింది. తెర మీద నాలుగు శాతం. వాకిట్లో కుతైబా మొహం సున్నం కొట్టినట్టుంది. "ఎక్కడ చచ్చారు?" అని మొదలుపెట్టి, చిన్నతాతని చూసి మింగేశాడు.

జుమానా ఆడవాళ్ళ గదిలోకి పరిగెత్తి తలుపు సందులోంచి తొంగి చూసింది. కాఫీ వచ్చింది. చిన్నతాత కప్పు నేల మీద పెట్టాడు. వంశం పేరు, పిల్లాడి పేరు, పిల్ల పేరు, అన్నీ తడుముకోకుండా చెప్పి అడిగాడు. అబూ నిదాల్ గుండె మీద చేయి వేసుకున్నాడు.

"పిల్ల మీది. కాఫీ తాగండి హాజీ."

చిన్నతాత కప్పు ముట్టుకోలేదు.

అరవైమంది మెడలు అటు తిరిగాయి. కుతైబా పెదాలు తెల్లబడ్డాయి. అబూ నిదాల్ అయోమయంగా చూశాడు. "ఇంకేమైనా లోటుందా?"

"లోటు కాదు. రెండో కోరిక," అన్నాడు చిన్నతాత. "నన్ను ఇక్కడికి తెచ్చినది బయట వాకిట్లో ఉంది. పాపం, నాలుగు శాతం మీద నిలబడింది. దానికో ప్లగ్గు ఇప్పించండి. మోటారు ప్లగ్గయితే మరీ మంచిది."