మూడు చుక్కల కాడ

మా అక్క జ్ఞానమణి గొంతు పోయి ఏడాది దాటింది. గొంతులో గడ్డ అన్నారు, మంచిది కాదన్నారు, కోసి తీసేశారు. మనిషి దక్కింది, దేవునికి స్తోత్రం. గొంతు మాత్రం దక్కలేదు. ఇప్పుడు మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటుంది. దాని మీద పల్చటి తెల్లగుడ్డ కట్టుకుంటుంది. చెప్పాలనుకున్నది ఫోన్లో టైపు చేసి చూపిస్తుంది.

కోయిలకుంట్ల దగ్గర మా ఊరి చర్చిలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పాట ఎత్తింది ఆమే. పాటలు తనే కట్టేది కూడా. చరణం చివర ఒక మాటను సాగదీసి, ఆఖరి మాట అనబోయి టక్కున ఆగేది. డోలక్ ఆగేది. చంటిపిల్లల తల్లులు కూడా ఊపిరి బిగబట్టేవాళ్లు. అప్పుడు నెమ్మదిగా ఆ మాట వదిలేది. అలా ఆగడం కోసమే పాట మొదలుపెడుతుందా అనిపించేది నాకు.

నాకు ఆ గొంతు కావాలి. ఈ వయసులో సిగ్గు లేకుండా చెబుతున్నాను. కూర తాలింపు వేస్తుంటే కావాలి, బస్సెక్కి కూర్చుంటే కావాలి. ఫోన్లో ఒక పాత క్రిస్మస్ వీడియో ఉంది. లౌడ్‌స్పీకరు గుయ్‌మంటుంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు, వాటి అడుగున ఎక్కడో అక్క. దాని మీదికి చెయ్యి పోతుంది. పెట్టుకున్నానంటే ఇక ఆ రోజు పని జరగదు.

చర్చి వార్షికోత్సవానికి అక్క పాటలన్నీ పుస్తకం వేయాలని పెద్దలు అనుకున్నారు. కడపలో నాది డీటీపీ పని కాబట్టి అది నా నెత్తిన పడింది. అక్క పాటలన్నీ ఫోన్లోనే, ఏ సోకులూ లేని ఉత్త అక్షరాలుగా టైపు చేసి పంపింది. పాట పేరు ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టమని నేనే నేర్పాను, కంప్యూటరు దాన్ని శీర్షికగా గుర్తుపడుతుందని. మిగతా గుర్తులు ఆమె సొంతం. కొంచెం సాగదీయాలంటే రెండు అడ్డగీతలు, బాగా సాగదీయాలంటే మూడు. ఆగాల్సిన చోట మూడు చుక్కలు.

*బీడు నేల చూసి -- దారి మళ్ళకు --- ... తండ్రీ*

ఆ ఫైలును ప్రెస్సు వాళ్లకు కావలసిన ఫార్మాట్‌లోకి మార్చే ప్రోగ్రాంలో వేశాను. పేజీలు పెళ్లికూతుళ్లలా వచ్చాయి. మురిసిపోయి, ప్రూఫు కాగితాలు పట్టుకుని శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనకు ఊరికి పోయాను.

అక్క తర్వాత పాట ఎత్తుతున్నది ప్రేమమ్మ. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని అందుకుంది. పాట ఎక్కడా ఆగలేదు. "మళ్ళకుతండ్రీ" అని ఒక్క గుక్కలో మింగేసి తర్వాతి చరణంలోకి పోయారు. నా కాగితం చూసుకున్నాను. చుక్కలుండాల్సిన చోట ఖాళీ. చిన్న గీతకూ పెద్ద గీతకూ తేడా లేదు.

"ప్రేమక్కా, నీకు పాట నోటికొచ్చు కదా! ఆడ ఆగాలని నీకు తెలీదా?"

"తెలుసమ్మా దీవెనా. కానీ అచ్చులో లేదు కదా. అచ్చులో లేనిది మనం కలపగూడదు, తప్పు."

ఏమని పోట్లాడను? మా వాళ్లకు అచ్చులో పడిన ప్రతిదీ దేవుని వాక్యమే. ఇన్నేళ్లు అక్క నోటి నుంచి నేర్చుకున్నదంతా ఒక్క కాగితానికి భయపడి వదిలేశారు. ఈ పుస్తకం ఇలాగే వచ్చిందంటే ఇక ఎవరూ ఆగరు.

అక్క లేచి బయటికి పోయింది. వెనకే పోయాను. ఫోన్ నా ముఖం ముందు పెట్టింది.

"పాట బాగుండాది. దాంట్లో నేను లేను."

కడప దాకా బస్సులో ఆ మాటే. దిగీ దిగగానే నా డీటీపీ అంగడికి పోయి అక్క ఫైలు తెరిచాను. చుక్కలన్నీ ఉన్నాయి, గీతలన్నీ ఉన్నాయి. తినేసింది ప్రోగ్రామే. దానికి స్మార్ట్ అనే గుణం ఒకటుంది, ఎవరూ అడక్కుండానే పని చేస్తుంది. స్మార్ట్ అంట! మా ఇళ్లల్లో ఆ మాట ఎక్కువ మాట్లాడే కోడళ్లకు వాడతారు. రెండు గీతలు కనిపిస్తే చిన్న డ్యాష్ చేస్తుంది, మూడైతే పెద్ద డ్యాష్. మూడు చుక్కల్ని కలిపి ఒకే అక్షరం చేస్తుంది. నేను వాడిన తెలుగు ఫాంటులో ఆ అక్షరానికి రూపం లేదు కాబట్టి అచ్చులో ఏమీ పడలేదు. ఆ ఫాంటులో రెండు డ్యాషులూ ఒకే పొడవు. అక్క ఎక్కడ ఆగాలో చెబితే, ప్రోగ్రాం దాన్ని అలంకారం అనుకుంది.

ప్రెస్సు కేశవయ్య ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఫైలు యాడికొచ్చె? మిషన్ ఖాళీగా పెట్టుకోని కూచోనుండా."

"చుక్కలు పోయినాయి కేశవయ్యన్నా. ఆగు."

"చుక్కలే కదమ్మా. పెన్నుతో పెట్టుకోమను."

"నీ పెండ్లిపత్రికలో నీ పేరు కూడా పెన్నుతోనే పెట్టుకున్నావా?" అని ఫోన్ పెట్టేశాను. పాపం ఆయన మంచివాడే.

చేయాల్సింది పెద్దదేం కాదు. ప్రోగ్రాంకు ఇచ్చే ఆదేశంలో ఫైలు ఫార్మాట్ పేరు పక్కన మైనస్ గుర్తు పెట్టి, స్మార్ట్ అని రాస్తే ఆ గుణం ఆగిపోతుంది. అక్క ఫైలు చదివే వైపు ఆపితే చాలదు, ప్రెస్సు ఫైలు రాసే వైపు కూడా ఆపాలి. లేకపోతే లోపల నోరు మూసుకున్నది బయటికొచ్చి మళ్లీ తెలివి చూపిస్తుంది. ఆ గుణం ఆపేసరికి పాస్టరుగారి ముందుమాటలో కొటేషన్ గుర్తులు వంపు పోయి మొండిగా కనిపించాయి. దాన్ని విడిగా తీసి మార్చాను. ఆయనకు తెలివి ఉంచాను, అక్కకు తీసేశాను.

మళ్లీ ప్రూఫు తీసుకుని మళ్లీ శుక్రవారం పోయాను. అక్క రానంది. చెయ్యి పట్టి లాక్కొచ్చి నా పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నాను. ప్రేమమ్మ కాగితం చూసి, "ఇదిగో, ఉండాయి చుక్కలు," అని అందరికీ వేలు పెట్టి చూపించింది. ఆమెకిప్పుడు అనుమతి దొరికింది.

బీడు నేల చూసి, అని సాగదీశారు. దారి మళ్ళకు, అని ఇంకా సాగదీశారు.

ఆగారు.

డోలక్ ఆగింది. చర్చిలో చప్పుడు లేదు. అప్పుడు నా పక్కన తెల్లగుడ్డ కింద నుంచి గరగరమని ఒక ఊపిరి లోపలికి పోయింది. అక్క ఎప్పుడూ ఊపిరి తీసుకున్న చోటే తీసుకుంది. గొంతు ఉన్నన్నాళ్లూ ఆ చప్పుడు మేమెవరమూ వినలేదు. ఈ రోజు చివరి చాప దాకా వినిపించింది.

ప్రేమమ్మ నోరు తెరిచి కూడా ఎత్తలేదు. అక్క వైపే చూస్తూ, ఆ ఊపిరి పూర్తయ్యే దాకా ఆగింది. పూర్తయ్యాక అందరూ కలిసి, "తండ్రీ" అన్నారు.

నేను అనలేకపోయాను. కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అక్క మోచేత్తో నా డొక్కలో పొడిచింది, చిన్నప్పుడు నేను పాట తప్పితే పొడిచినట్టే. కాగితం కిందికి లాగి, తర్వాతి చరణం మీద వేలు పెట్టింది.

ఏడుస్తూనే అందుకున్నాను.